మా మోరీ పోయే దారి

నేను చేసే పనేమిటని ఎవరైనా అడిగితే, జనం ఇళ్ల మురుగు కాలువల్లో, అంటే మోరీల్లో, రంగు పోస్తానని చెప్తాను. నవ్వుతారు. మా చుట్టాలకు ఈ జవాబు నచ్చదు, వాళ్లు "ఇంజనీరాఫీసుల ఉంటది" అని చెప్పుకుంటారు. రెండూ నిజమే. ఆఫీసులో నాకో కుర్చీ ఉంది, దానిలో కూర్చునేది మాత్రం తక్కువ.

మూసీ ఒడ్డు వెంట కొత్తగా పెద్ద పైపు వేస్తున్నారు. ఇన్నాళ్లూ నాలాల్లోంచి తిన్నగా నదిలో పడుతున్న మురికినీళ్లను ఆ పైపులోకి మళ్లించి, దిగువన కట్టిన ప్లాంటులో శుభ్రం చేసి, ఆ తర్వాతే నదిలోకి వదలాలని ప్లాను. ప్లానులో వంక పెట్టడానికి ఏమీ లేదు. చిక్కల్లా ఒకటే, పాతబస్తీలో ఏ ఇంటి మోరీ ఎక్కడికి పోతుందో చెప్పే పటం ఎవరి దగ్గరా లేదు. నిజాం కాలంలో వేసిన లైన్లు కొన్ని, తర్వాత వేసినవి కొన్ని, ఎవరికి వాళ్లు రోడ్డు తవ్వి కలుపుకున్నవి లెక్కలేనన్ని. అందుకే ఇల్లిల్లూ తిరిగి రంగు పొయ్యాల్సి వచ్చింది.

పద్ధతి చాలా సులువు. ఇంటి మోరీలో నేను చిటికెడు ఎర్ర పొడి వేసి మూడు బకెట్ల నీళ్లు గుమ్మరిస్తాను. నాలా గోడ మీద చాచా నిలబడి ఉంటాడు. చాచా మా ఆఫీసులో పాత మేస్త్రీ, నేను పుట్టకముందు నుంచీ ఈ లైన్లలో దిగుతున్న మనిషి. నాలాలో పడే పైపు నోళ్లను చూస్తూ ఉంటాడు. కాసేపటికి నేను ఫోన్ చేసి "వచ్చిందా?" అని అడుగుతాను. ఎర్రనీళ్లు అక్కడ కనిపిస్తే నా కాగితంలో ఆ ఇంటి ఎదురుగా "నాలా" అని రాస్తాను. కనిపించకపోతే గల్లీ మధ్య మురుగు లైను మూత తీసి, ఎర్రనీళ్లు అందులో పోతుంటే "లైన్" అని రాస్తాను. ఆ ఒక్క మాట మీదే తర్వాతి పనంతా నడుస్తుంది. నాలా అని రాసిన ఇంటికి కొత్త కనెక్షన్ ఇవ్వడానికి మనుషులు వస్తారు. లైన్ అని రాస్తే ఆ ఇంటి జోలికి ఎవరూ పోరు.

తలుపు తట్టగానే ప్రతి ఇంట్లోనూ ఒకే మాట. "మాది లైన్‌ల కలిసిందే, మా తాత దగ్గరుండి కలిపిండు." నా అనుభవంలో పాతబస్తీ తాతలందరూ గొప్ప ఇంజనీర్లు. వాళ్లు కలిపిన మోరీల్లో సగం నాలాలోనే తేలాయి. అది చెప్తే మనవలు నాతో గొడవకు దిగేవాళ్లు. నాకూ కోపం తక్కువేం కాదు, ఒకరిద్దరితో గట్టిగానే అన్నాను. తాత మీద అంత నమ్మకమున్న వాళ్లు నాలా గోడ దాకా నడిచి వచ్చి కళ్లారా చూడరెందుకో నాకు అర్థమయ్యేది కాదు.

మా ఇల్లు పురానాపూల్‌కు ఇవతల, నాలా మూసీలో కలిసే చోటికి దగ్గరలోనే ఉంది. మాది పాల ఇల్లు. ముందు రెండు గదులు, వెనక కొట్టం, అందులో పదకొండు బర్రెలు. అమ్మ పోయాక ఇంట్లో నేనూ బాపూ మిగిలాం. బాపు లేచేది బర్రెల కోసం, పడుకునేది బర్రెల తర్వాత. తనకు ఒంట్లో బాగాలేకపోతే చెప్పడు గానీ, ఒక బర్రె మేత సరిగా మెయ్యకపోతే గల్లీ మొత్తానికి తెలుస్తుంది.

నానమ్మ ఉన్నప్పుడు పెండ బయటికి పోయేది కాదు. పిడకలు చేసి నాలా గోడకు కొట్టేది, కట్టెల పొయ్యిల వాళ్లు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. ఇంటింటికీ గ్యాస్ వచ్చాక పిడకలు అడిగేవాళ్లు లేరు. అప్పటినుంచి బాపు పొద్దునా సాయంత్రం పైపు పట్టుకుని కొట్టం కడగడం, పెండంతా మోరీలోకి పోవడం అలవాటైపోయింది. మూసీ దిగువన ఆ నీళ్లతోనే పచ్చగడ్డి పెంచుతారు. ఆ గడ్డే మోపులు కట్టి మా కొట్టానికి వస్తుంది. బర్రె వేసింది నదిలోకి పోయి, నది పెంచింది మళ్లీ బర్రె నోట్లోకి వస్తుంటే ఇందులో తప్పేముందని బాపు వాదన. మూసీ పాడైంది గ్యాస్ బండల వల్లేనని కూడా అనేవాడు. ఆ మాట విని మొదట నవ్వాను, తర్వాత ఆలోచిస్తే పూర్తిగా కొట్టిపారెయ్యలేకపోయాను.

కొట్టాలకు ఆఫీసులో వేరే నియమం ఉంది. పెండ లైన్లోకి రాకూడదు. వస్తే అడుగున పేరుకుని పైపు మూసుకుపోతుంది. కొట్టమున్న ఇల్లు ముందుగా ఒక గుంత తవ్వాలి. పెండ అందులో ఆగిపోయి, పైన తేరిన నీళ్లు మాత్రమే లైన్లోకి పోవాలి. ఆ గుంత ఎత్తడానికి వారానికోసారి బండి రావాలి. మా గల్లీలోకి ఒక ఆటో వచ్చిందంటే ఎదురుగా నడిచొచ్చే మనిషి ఎవరింటి గుమ్మమో ఎక్కి నిలబడాలి. బండి వచ్చే ప్రశ్నే లేదు. గుంత కుదరని చోట బర్రెలను బస్తీ బయటికి పంపెయ్యాలి. మా చుట్టుపక్కల డైరీలు చాలావరకు అట్లాగే జల్‌పల్లి వైపు వెళ్లిపోయాయి.

అంటే మా మోరీ నాలాలోకి పోతుందని తేలితే బాపు బర్రెలు ఈ ఇంట్లో ఉండవు. ఈ సంగతి నాకు తెలుసు, బాపుకూ తెలుసు. మా గల్లీ వంతు వచ్చే వారం ముందు నుంచీ ఆయన అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఒకటే మాట.

"మనది లైన్‌ల కలిసిందే బిడ్డా. మా బాపు దగ్గరుండి కలిపిండు. నేనప్పుడు చిన్నోణ్ణి, తట్టల మట్టి మోసిన."

"సరే బాపూ, పోసినంక తెలుస్తది గదా," అన్నాను.

మా గల్లీ వంతు సదర్ మరునాడు పడింది. సదర్ అంటే దీపావళి తర్వాత మా పాలవాళ్లు చేసుకునే పండుగ. దున్నలకు, బర్రెలకు నూనె రాసి నిగనిగలాడించి, కొమ్ములకు రంగులేసి, దండలు కట్టి ఊరేగిస్తారు. ఆ ఏడు బాపు గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కు పోయి బంతిదండలు తెచ్చాడు. ఊరేగింపులో ఎవరో గుప్పిళ్లతో చల్లిన ఎర్ర గులాల్‌తో మా బర్రెల వీపులన్నీ ఎర్రబడి తిరిగొచ్చాయి.

పొద్దున చాచా నాలా గోడ మీదికి పోయాడు. నేను ముందు గదిలో నిలబడి సంచిలోంచి పొడి డబ్బా తీస్తున్నాను, ఇంకా మూత కూడా తియ్యలేదు. ఇంతలో చాచా నుంచి ఫోన్.

"బేటీ, వచ్చేసింది. లాల్ లాల్ వస్తున్నది. బస్, పోసింది చాలు."

"నేనింకా పొయ్యనే లేదు చాచా," అన్నాను.

 నేను ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని కొట్టంలోకి పోయాను. బాపు పైపు పట్టుకుని బర్రెల వీపుల మీది గులాల్ కడుగుతున్నాడు. ఎర్రనీళ్లు రాళ్ల మధ్యనుంచి జారి మోరీలోకి పోతున్నాయి. నన్ను చూశాడు, నా చేతిలో డబ్బా చూశాడు, పైపు పక్కకు తిప్పాడు. ఆయనకు అర్థమైంది. ఎన్నో ఇళ్లలో ఎంతోమంది ముఖాల్లో ఆ అర్థమవడం చూశాను, కానీ బాపు ముఖంలో చూడడం అదే మొదటిసారి. 

"నువ్వు పొయ్యలే గదా," అన్నాడు నెమ్మదిగా. "అది పండుగ రంగు. మీ ఆఫీసు రంగు కాదు. గది లెక్కల ఎట్ల వస్తది?"

 ఫోన్‌లో చాచాకు చెప్తే, ఆయనా అదే ఒప్పుకున్నాడు, గులాల్ పరీక్ష కాదన్నాడు. "ఇల్లు నీది, కాగితం నీది. నాలా మీద ఏం కనబడ్డదో చెప్పిన. ఇంక నువ్వు రాసుకో," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, సాయం చెయ్యాలన్న ఆలోచన కూడా లేదు. నేను డబ్బా మూత తియ్యకుండానే సంచిలో పెట్టి, మా ఇంటి ఎదురుగా "లైన్" అని రాశాను. పక్కింటి అయ్యగారిదీ మాదీ ఒకటే మోరీ కాబట్టి ఆ ఇంటికీ అదే రాశాను. అయ్యగారు దగ్గర్లోని గుడిలో అర్చకులు. వాళ్లింట్లో అడగాల్సిన పని కూడా లేకపోయింది. ఆరోజు సాయంత్రం బాపు నాకు మీగడ మందంగా ఉన్న పెరుగు వేశాడు. తిన్నాను.

ఎంతోమంది తాతల గొప్పలు తిప్పికొట్టిన నేను మా తాత గొప్పను చెక్కుచెదరకుండా దాచుకున్నాను. అప్పుడు నాకది తప్పనిపించలేదని చెప్తే అబద్ధమవుతుంది. తప్పని తెలుసు. ఒక్క ఇల్లు, రెండిళ్లు, అంత పెద్ద నదికి ఎంత, అని సర్దిచెప్పుకున్నాను. ఆ మాట నాతో కనీసం పదిమంది ఇంటివాళ్లు అని ఉంటారు.

ఎండాకాలం మొదట్లో నాలా గోడ పని మొదలైంది. నేను "నాలా" అని రాసిన ఇళ్ల పైపులన్నీ కొత్త లైనుకు కలిపారు. గోడలో మిగిలిన పాత పైపు నోళ్లు, అంటే కాగితం ప్రకారం ఏ ఇంటివీ కానివి, సిమెంటుతో మూసేశారు. మా రెండిళ్ల పైపు నోరు కూడా మూసేశారు. కాగితంలో అది చచ్చిపోయిన పైపు. దానికా చావు రాసింది నేను. మూసే రోజు నేను వేరే బస్తీలో రంగు పోస్తున్నాను.

మర్నాడు పొద్దున బాపు ఎప్పటిలాగే కొట్టం కడిగాడు. నీళ్లు పోయాయి, కాసేపటికి నెమ్మదిగా వెనక్కి వచ్చాయి. మా కొట్టం గల్లీకి కొంచెం ఎత్తులో ఉంటుంది, అయ్యగారి వంటిల్లు పల్లంలో. పెండనీళ్లు ముందు వాళ్లింట్లోకే వచ్చాయి. అయ్యగారి భార్య కేక విని నేను గోడ పక్క సందులోంచి పోయాను. వంటింటి తూములోంచి పచ్చగా, నురగగా పొంగుతోంది. నైవేద్యం పొయ్యి కాళ్ల దాకా వచ్చింది. ఆమె తడిబట్టతో, మడితో, పీట మీద నిలబడి ఉంది. గుడికి పంపాల్సిన పరమాన్నం గిన్నె రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

"చూడు బిడ్డా," అంది. "మీ పాలతోనే ఇన్నేండ్ల సంది దేవునికి వండుతున్న. పాలూ మీ ఇంటియే, పెండా మీ ఇంటిదే. నేను ఎవర్ని ఏమనాలె?"

నేను చేట తీసుకుని నీళ్లు తోసెయ్యడానికి వంగాను.

"నువ్వు గా ఆఫీసుల ఉన్నవ్ గదా, జర కనుక్కో," అంది మళ్లీ. "ఏ మనిషి గిట్ల తప్పు రాసిండో. కళ్లతోటి చూడకుంట రాసినోని ఇంట్ల గిట్లనే పొంగాలె."

పొంగుతూనే ఉంది, మా కొట్టంలో కూడా. నేను చేట పక్కన పెట్టి నిలబడ్డాను. "రాసింది నేనే అమ్మా," అన్నాను.

ఆమె గిన్నె ఎత్తిపట్టుకునే నా ముఖంలోకి చూసింది. ఆ గిన్నె చేతుల్లో బరువై ఉంటుంది, దించడానికి చోటు లేదు. నా వెనక బాపు ఎప్పుడు వచ్చాడో తెలియదు. కాళ్లకు మోకాళ్ల దాకా పెండ మరకలు, చేతిలో కొట్టం చీపురు.

"బిడ్డ రాసింది గానీ, రాయించింది నేను," అన్నాడు. "కాగితం మీద నా మాట రాసింది. నాది అబద్ధం."

ఆయన జీవితంలో అంత పొట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. అయ్యగారి భార్య గిన్నె నా చేతికి ఇచ్చి, పీట దిగి, తన కాళ్లు తడుపుకుంటూనే పోయి వెనక తలుపు తెరిచింది. బాపు ఆ తలుపులోంచి నీళ్లు తోసెయ్యడం మొదలుపెట్టాడు. నేను గిన్నె బయట అరుగు మీద పెట్టి వచ్చాక, మధ్యాహ్నం దాకా ముగ్గురం తోశాం. నాకు సిగ్గేసింది, దానికంటే ఎక్కువగా మా బాపు ఆ వంటింట్లో వంగి తోస్తుంటే ఏడుపొచ్చింది. గిన్నె నా చేతిలో ఉండగానే ఏడ్చాను కాబట్టి ముఖం తుడుచుకోవడానికి కూడా వీలు కాలేదు.

చాచాను పిలిస్తే, వచ్చి గోడలో మూసిన సిమెంటును సుత్తితో కొట్టి కొంత తెరిచాడు. తర్వాత నేను పొడి డబ్బా తీశాను. ఈసారి బాపు అడ్డు చెప్పలేదు, "నువ్వు రంగు పొయ్, నేను చాచతోని గోడ మీద నిలవడుత," అన్నాడు. ఆ గల్లీలో పుట్టి, ఆ నాలా పక్కనే పిడకలు ఎండిన గోడను చూస్తూ పెరిగిన మనిషి, మా పైపు నోరు ఎక్కడుందో అంతవరకూ చూడలేదు. నేను మూడు బకెట్లు పోసి ఫోన్ చేశాను. చాచా ఎత్తి బాపు చేతికిచ్చాడు.

"వచ్చిందా?"

"వచ్చింది," అన్నాడు. కాసేపాగి, "మస్తు వస్తున్నది," అన్నాడు.

కాగితం సరిదిద్ది నా చేత్తోనే "నాలా" అని రాశాను. చూడకుండా ఎందుకు రాశావని ఆఫీసులో వివరణ అడిగారు. ఉన్నదున్నట్టు రాసిచ్చాను. కొన్నాళ్లు నన్ను రంగు పని నుంచి తప్పించి కుర్చీలో కూర్చోబెట్టారు. నా కుర్చీ ఎంత గట్టిగా ఉంటుందో అప్పుడే తెలిసింది. రెండిళ్లకూ కొత్త కనెక్షన్ వచ్చింది, బాత్రూముల నీళ్లకూ, వంటింటి నీళ్లకూ మాత్రమే. కొట్టానికి రాలేదు.

బర్రెలను అమ్మెయ్యమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. బాపు వినలేదు. జల్‌పల్లిలో కొత్త కాలనీల అంచున, చెరువుకు కొంచెం ఎగువన, ఒక ఖాళీ కొట్టం కిరాయికి మాట్లాడుకున్నాడు. రోజూ పొద్దున మొదటి బస్సుకు పోయి పాలు పిండుకొచ్చి పురానాపూల్ ఇళ్లకు పొయ్యాలని ఆయన లెక్క. ఆ వయసులో ఎట్లా చేస్తాడో నాకు తెలియదు. అడిగితే, "బర్రెలు నడిచి రాలేవు, నేను పోగల్గుత," అన్నాడు. పక్కింటి ఆవిడకు పాలు ఆగకూడదని మాత్రం రెండుసార్లు అన్నాడు.

బర్రెలను తీసుకుపోవాల్సిన ముందు రోజు కొట్టం చూసి రావడానికి ఇద్దరం పోయాం. అప్పటికి నన్ను మళ్లీ రంగు పనిలో వేశారు. కొట్టం విశాలంగా ఉంది, చుట్టూ గుంతకు సరిపడా జాగా ఉంది, బండి తిరగడానికి దారి కూడా ఉంది. బాపు గడ్డి తొట్లు చూశాడు, నీళ్ల తొట్టి చూశాడు, గుంజలు ఊపి చూశాడు. చివరికి మోరీ దగ్గర ఆగాడు.

"అన్నా, ఇది ఏడికి పోతది?" అని కొట్టం యజమానిని అడిగాడు.

"లైన్‌ల కలిసిందే అన్నా. మా నాయిన కలిపిచ్చిండు, నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాడతను.

బాపు నావైపు చూశాడు. నేను నవ్వు ఆపుకోవడానికి చెరువు వైపు తిరిగాను.

"బిడ్డా, సంచిల పొడి ఉన్నదా?"

ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, తుమ్మ పొదల మధ్యనుంచి చెరువు గట్టు మీదికి పోయి నిలబడ్డాడు. యజమాని నన్ను వింతగా చూస్తుంటే నేను పొడి వేసి మూడు బకెట్లు గుమ్మరించాను. కాసేపాగి ఫోన్ చేశాను.

"వచ్చిందా బాపూ?"

గాలి చప్పుడు, ఎక్కడో కొంగల చప్పుడు వినిపించాయి. ఆయన చాలాసేపు చూశాడు. వయసుతో పాటు చూపు కొంచెం మందగించింది, అందుకే ఆలస్యమనుకున్నాను.

"వచ్చింది," అన్నాడు. "రేపు బర్రెలను తేవద్దు. ముందుగాల గడ్డపార ఉన్నదేమో గా అన్నను అడుగు, గుంత తీసినంకనే తెద్దాం."